కైకిలా, గుత్తనా? హనుమకొండలో ఇంటి నుంచి ఫ్రీలాన్స్ పని: నా రెండున్నరేళ్ల అనుభవం

హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక డీటీపీ సెంటర్‌లో ఎనిమిదేళ్లు పనిచేశాను. 2023 మే 31 అక్కడ నా ఆఖరి రోజు. జీతం 11,500. పెళ్లి కార్డులు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు కొట్టేదాన్ని. పెళ్లి కార్డు ఫోన్‌లోనే చేసుకునే రోజులొచ్చాక గిరాకీ పడిపోయింది. "సగం పూట రా, సగం జీతం ఇస్తా" అన్నాడు సేటు. సగం జీతంతో ఇంటి కిరాయి కూడా వెళ్లదు. మానేశాను.

అప్పటికి నాకు తెలిసిందల్లా తెలుగు వేగంగా టైప్ చేయడం ఒక్కటే. ఆడియో విని రాసిపెట్టే పని ఇంటర్నెట్‌లో దొరుకుతుందని మా తమ్ముడు చెప్పాడు. జూన్ 5న అప్‌వర్క్ అనే ఫ్రీలాన్స్ పనుల సైట్‌లో ఖాతా తెరిచాను. తెరవడానికి పది నిమిషాలు పట్టింది, నా పేరు సరిచేసుకోవడానికి మూడు వారాలు పట్టింది. టెన్త్ మెమోలో, ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. పాన్‌లో మాత్రం పూర్తిగా ఉంది. అప్పుడే పాన్‌ను ఆధార్‌తో కలిపే గడువు జూన్ 30 అని అందరూ పరుగులు పెడుతున్నారు. నా రెండు పేర్లు కలవలేదు. ఆధార్ సెంటర్‌లో 50 రూపాయలు కట్టి పేరు మార్పించుకున్నాను. మారినట్టు మెసేజ్ రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. తర్వాత పాన్ లింకుకు ఆలస్య రుసుము 1,000. పని మొదలుపెట్టకముందే 1,050 రూపాయలు అయిపోయాయి. ఈ దారిలోకి రావాలనుకునే ఆడవాళ్లు ముందు పాన్, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు మూడూ పక్కపక్కన పెట్టి, పేరులో ఒక్కో అక్షరం సరిచూసుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్లకు ఈ తిప్పలు ఇంకా ఎక్కువ.

జూన్ నెలంతా దరఖాస్తులే. అక్కడ పని అడగాలన్నా ఖర్చే. దరఖాస్తు పంపడానికి కొనుక్కునే టోకెన్లను కనెక్ట్స్ అంటారు. ఒక్కో కనెక్ట్ 15 సెంట్లు, ఒక్కో దరఖాస్తుకు కొన్ని పోతాయి. 31 దరఖాస్తులు పంపితే ఇద్దరే జవాబిచ్చారు. ఆ నిరాశలో ఉండగానే టెలిగ్రామ్‌లో ఒకడు తగిలాడు. పేజీకి 200 ఇస్తానని, ముందు "ట్రైనింగ్ ఐడీ"కి 1,850 కట్టాలని, అది మొదటి జీతంతో తిరిగొస్తుందని అన్నాడు. కట్టాను. సాయంత్రానికి ఆ గ్రూపే లేదు. ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. నాలుగు రోజులు అన్నం సయించలేదు. మోసపోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే డబ్బు ఆగే అవకాశం ఉంటుందని మా ఆయన తర్వాత చెప్పాడు. నేను ఫోన్ చేసేసరికి అయిదో రోజు. పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు అడిగాడంటే అక్కడే ఆగిపోండి. సిగ్గుపడి దాచుకోకండి, ఆ గంటే ముఖ్యం.

మొదటి పని జూలై 11న దొరికింది. 40 నిమిషాల తెలుగు ఇంటర్వ్యూ, 10 డాలర్లు. మా అమ్మ పరకాల దగ్గరి పల్లెలో వ్యవసాయం చేసిన మనిషి, ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది. నా పక్కన కూర్చుని, "ఏం పనే బిడ్డా అది? కైకిలా, గుత్తనా?" అని అడిగింది.

నాకు అప్పటిదాకా తట్టని ప్రశ్న. ఆ సైట్‌లో పని రెండు రకాలు. గంటకు ఇంత అని ఇచ్చేది ఒకటి, మొత్తం పనికి ఇంత అని మాట్లాడుకునేది ఇంకొకటి. మా పొలాల్లో ఎప్పటి నుంచో ఉన్నవే ఆ రెండూ. రోజు కూలికి పోతే కైకిలి, ఎకరం నాటుకు ఇంత అని మాట్లాడుకుంటే గుత్త. "గుత్తనే అమ్మా" అన్నాను. "గుత్త వట్టేటప్పుడు మడి జూసి మాట్లాడాలె. జూసినవా?" అంది. చూడలేదు. ఆడియో తెరిచి రెండు నిమిషాలు కూడా వినకుండానే ఒప్పుకున్నాను. తీరా వింటే ముగ్గురు ఒకేసారి మాట్లాడుతున్నారు, వెనక ఫ్యాను మోత, మధ్యలో లారీ హారన్లు. 40 నిమిషాల ఆడియోకు తొమ్మిది గంటలు పట్టింది.

14వ తేదీ పంపాను. గంటలో జవాబు: "ఇదేంటి మేడమ్, అన్నీ ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తున్నాయి." డీటీపీ సెంటర్ అలవాటుతో అను ఫాంట్‌లో కొట్టి పంపాను. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెలుగు తెలుగులా కనిపించదు. అవతలివాళ్లకు కావలసింది యూనికోడ్, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగులాగే కనిపించేది. ఎనిమిదేళ్లలో చేతివేళ్లకు పట్టిన కీబోర్డు ఒక్కరోజులో పనికిరాకుండా పోయిందనిపించి ఏడుపొచ్చింది. ఆ ఫైలును కన్వర్టర్‌లో మార్చి, ఒత్తులు విరిగిపోయిన చోటల్లా చేత్తో దిద్ది, 17న మళ్లీ పంపాను. తర్వాత మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని యూనికోడ్‌లో కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకున్నాను. మొదటి వారం నిమిషానికి ఎనిమిది పదాలు కూడా పడలేదు.

డబ్బు ఎన్నాళ్లకు వచ్చిందో తేదీలతో సహా చెబుతాను, ఎందుకంటే నాకు ఇది ముందు ఎవరూ చెప్పలేదు. 19న పనిచ్చినాయన నా పని ఒప్పుకున్నాడు. గుత్త పనికి ఒప్పుకున్న తర్వాత కూడా అయిదు రోజులు డబ్బు ఆపి ఉంచుతారు. 24న చేతికందింది, 26న బ్యాంకులో పడింది. 10 డాలర్లలో సైట్ వాటా 10 శాతం పోయింది. మన దేశపు టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను, అప్పట్లో 1 శాతం (2024 అక్టోబర్ నుంచి అది 0.1 శాతానికి తగ్గింది). బ్యాంకుకు పంపినందుకు 99 సెంట్లు. అన్నీ పోగా 640 రూపాయలు. అప్పటికే కనెక్ట్స్‌కు 1,400 పైనే పెట్టి ఉన్నాను. అయినా ఆ మెసేజ్‌ను ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో. ఎవరూ నన్ను సిఫారసు చేయలేదు, ఎవరికీ నా మొహం తెలియదు, నా పని చూసి ఇచ్చిన డబ్బు అది.

ఆ రాత్రే వాన దంచికొట్టింది. మేం ఉండేది నయీంనగర్ వైపు, మొదటి అంతస్తులో. 27 పొద్దున లేచేసరికి నాలా పొంగి వీధంతా నీళ్లు. కింది ఇంటివాళ్లు బియ్యం సంచులు, పిల్లల పుస్తకాలు మోసుకుని మెట్ల మీదుగా మా ఇంటికి వచ్చేశారు. కరెంటు లేదు, నెట్ లేదు. రెండో పని నా దగ్గర ఉంది, గడువు 28 సాయంత్రం. 70 నిమిషాల ఆడియోలో 50 నిమిషాలే అయింది. లాప్‌టాప్ పాతది, చార్జర్ తీసేస్తే ఇరవై నిమిషాలు కూడా ఆగదు. ఫోన్‌లో 12 శాతం చార్జింగ్. మేడ ఎక్కి ఒక మూల నిలబడితే ఒక గీత సిగ్నల్ వచ్చింది. "మా ఊళ్లో వరద, కరెంటు లేదు, రెండు రోజులు గడువు కావాలి" అని పంపి, ఫోన్ ఆపేశాను. కింద నడుము లోతు నీళ్లలో మనుషులు తాడు పట్టుకుని నడుస్తుంటే, నేను మేడ మీద నిలబడి ఎవరో ముఖం తెలియని మనిషి నన్ను నమ్ముతాడా లేదా అని ఆలోచిస్తున్నాను. అంతకుముందు డీటీపీ సెంటర్‌కు వరదలో రానందుకు నాకెవరూ సంజాయిషీ రాయమనలేదు. వాళ్లింట్లోనూ నీళ్లే కదా. ఇక్కడ అవతలివాడి కిటికీలోంచి చూస్తే ఎండ కాస్తుండొచ్చు.

29న కరెంటు వచ్చాక చూస్తే ఆయన జవాబు ఉంది. "ముందు జాగ్రత్తగా ఉండండి. ఫైల్ సోమవారం ఇచ్చినా చాలు." ఆ ఒక్క మాటకు ఆయనకు నేను ఇప్పటికీ అందరికంటే ముందు పనిచేసి పెడతాను.

ఆగస్టులో 3,900, సెప్టెంబర్‌లో 6,200, అక్టోబర్‌లో 5,700 వచ్చాయి. నవంబర్ 30న అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ కాబట్టి ఆ నెల ఊళ్లో పనే పని. ఒక ఏజెన్సీ వాళ్లు కరపత్రాలు, ప్రసంగాల టైపింగ్ నాకు గుత్తకు ఇచ్చారు. మొత్తం 18,400. తెలిసినవాళ్లే కదా అని కాగితం రాసుకోలేదు. ఎన్నికలు అయ్యాయి, ఫలితాలు వచ్చాయి, సంక్రాంతి పోయింది. నేను ఫోన్ చేసినప్పుడల్లా "వచ్చే వారం అక్కా" అనేవాళ్లు. ఏప్రిల్ 19న 15,000 ఇచ్చి మిగతాది మర్చిపొమ్మన్నారు. సముద్రాల అవతలివాడి డబ్బు పన్నెండు రోజుల్లో వస్తే, స్కూటీ మీద పది నిమిషాల దూరంలో ఉన్నవాళ్ల డబ్బుకు అయిదు నెలలు పట్టింది. సైట్‌లో గుత్త పనికి డబ్బు ముందే కట్టించుకుని పక్కన పెడతారు. మనం పని పంపాక అవతలివాళ్లు 14 రోజులు ఉలకకపోయినా దానంతటదే విడుదలవుతుంది. ఊళ్లో పనికి అలాంటిది మనమే ఏర్పాటు చేసుకోవాలి. ఇప్పుడు నేను సగం ముందు తీసుకోకుండా ఫైల్ తెరవను, ఎంత దగ్గరివాళ్లయినా సరే.

డిసెంబర్‌లో లాప్‌టాప్ చచ్చిపోయింది. 52,000 పెట్టి కొత్తది వాయిదాల మీద తీసుకుందామని షాపుకు వెళ్తే, మూడు నెలల శాలరీ స్లిప్ అడిగారు. నా దగ్గర డాలర్ల రసీదులు ఉన్నాయన్నాను. ఆ అబ్బాయి మర్యాదగానే, "మేడమ్, సిస్టమ్‌లో హౌస్‌వైఫ్ అని పెట్టి సార్ పేరు మీద చేద్దామా?" అన్నాడు. ఆరు నెలలు నిద్రలు కాచి పనిచేసినదాన్ని నేను. ఆ మాటకు చాలా బాధపడ్డాను. వద్దని వచ్చేశాను. అమ్మ చిట్టి లేపి ఇచ్చిన డబ్బుతో 23,000కి పాత లాప్‌టాప్ కొన్నాను.

మా ఆయన ఒకరోజు పేపర్ చదువుతూ, దేశంలో గిగ్ పని, అంటే మాలాగా ఉద్యోగం కాకుండా ఏ పనికి ఆ పని చేసేవాళ్లు 2020-21లో 77 లక్షల మంది ఉంటే, 2029-30 నాటికి 2.35 కోట్లు అవుతారని నీతి ఆయోగ్ 2022లోనే అంచనా వేసిందని చెప్పాడు. ఇంతమంది వస్తున్నప్పుడు షాపులో ఆ అబ్బాయి కంప్యూటర్‌లో మా కోసం ఒక గడి ఎప్పుడు పెడతారా అని అనుకున్నాను.

అసలు దెబ్బ 2024 మార్చిలో తగిలింది. జనవరికి నా రేటు నిమిషం ఆడియోకు 75 సెంట్ల దాకా ఎక్కింది, ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ పనిచ్చేవాళ్లు ఏర్పడ్డారు. వాళ్లలో ఒకాయన, "ఇకనుంచి ఏఐ రాసినది పంపిస్తాం, మీరు తప్పులు దిద్దితే చాలు, నిమిషానికి 25 సెంట్లు" అన్నాడు. వారం తిరక్కుండానే ఇంకొకరు అదే మాట. నేను గడియారం పెట్టుకుని లెక్క చూశాను. మొదటి నుంచి నేనే రాస్తే గంట ఆడియోకు అయిదు గంటలు. యంత్రం రాసింది దిద్దితే నాలుగు గంటలు. పనిలో తగ్గింది అయిదో వంతు, డబ్బులో పోయింది మూడింట రెండు వంతులు. ఇద్దరికీ కాదన్నాను. ఏప్రిల్‌లో 2,100 వచ్చాయి, మేలో 1,300. మళ్లీ ఏదైనా షాపులో అడుగుదామా అని మా ఆయనతో చాలాసార్లు అన్నాను. రాత్రి పడుకుంటే, నేర్చుకున్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా అను ఫాంట్‌లాగే పోతుందేమో అని గుండెల్లో దడ.

జూన్ 18న బెంగళూరు కంపెనీ ఒకటి పరీక్ష కోసం పది నిమిషాల ఆడియో పంపింది. రైతులతో మాట్లాడిన రికార్డింగులు. మాటలు గుర్తుపట్టే యంత్రానికి మన భాష నేర్పడానికి సేకరిస్తున్నారు. యంత్రం రాసినది కూడా జతచేశారు. మొదటి వాక్యం ఇలా ఉంది: "అంబటి వాళ్లకు కైకేయి వాళ్లు అచ్చు ఇండ్లు, మొక్కలు విరిచిండ్లు."

ఆడియో విన్నాను. మా అమ్మ వయసు మనిషి, మా అమ్మ మాటే. "అంబటాళ్లకు కైకిలోళ్లు అచ్చిండ్రు, మక్కలు ఇరిసిండ్రు" అంటోంది. పొద్దున పది గంటల వేళకు కూలివాళ్లు వచ్చారు, మొక్కజొన్న కంకులు విరిచారు, అంతే. అంబటాళ్లను ఎవరి ఇంటిపేరో అనుకుంది యంత్రం, కైకిలిని రామాయణంలోకి తీసుకుపోయింది, మక్కలను మొక్కలు చేసింది. అమ్మను పిలిచి వినిపించాను. చెవి దగ్గర పెట్టుకుని, "గీమె మనదిక్కు మనిషే. ఒర్రుడు జూడు" అంది. యాసంగి (రబీ పంట) అన్న మాట ఎక్కడొచ్చినా యంత్రం దాన్ని ముక్కలు చేసి పెట్టింది. నాకు అనుమానం వచ్చిన రెండు మూడు మాటలు అమ్మే చెప్పింది.

నాకంటే ముందు చాలామంది ఆ పరీక్ష రాశారని, మాండలికం దగ్గర ఆగిపోయారని కంపెనీలో ఉన్న అమ్మాయి తర్వాత ఫోన్‌లో చెప్పింది. "మీ రేటు చెప్పండి మేడమ్" అంది. ఈసారి మడి చూసే మాట్లాడాను. మొత్తం ఆడియోలో అక్కడక్కడ వినిపించమని అడిగి, గాలి మోత ఎంతుందో, ఎందరు మాట్లాడుతున్నారో చూసుకుని నిమిషానికి 90 రూపాయలు అన్నాను. చెప్పాక నా చెయ్యి వణికింది. ఆమె ఒక్క క్షణం ఆగి సరేనంది. డీటీపీ సెంటర్‌లో మా యాస దొర్లితే "కరెక్టుగా మాట్లాడు" అన్నవాళ్లున్నారు. ఆ మాటలకే నాకు కూలి దొరకడం నేను ఎన్నడూ అనుకోనిది.

ఈ పని కూడా ఎన్నాళ్లుంటుందో అన్న భయం లేదని అబద్ధం చెప్పను. నేను దిద్దిన ప్రతి వాక్యం ఆ యంత్రానికే పాఠం. అందుకే ఇప్పుడు విని రాయడంతో ఆగకుండా, మాటకు అర్థం రాసిపెట్టడం, మిగతావాళ్లు రాసినవి సరిచూడటం కూడా నేర్చుకున్నాను. రేటు అందులోనే ఎక్కువ.

దేశంలోని కంపెనీతో లెక్క వేరు. ఇన్‌వాయిస్ ఇచ్చిన 45 రోజులకు డబ్బు. 10 శాతం టీడీఎస్ పట్టుకుని ఇస్తారు. జీఎస్టీ నంబర్ అడిగారు. సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే కావాలి కాబట్టి, నాకు అక్కర్లేదని ఒక కాగితం రాసిచ్చాను. ఆడిటర్ గారు 1,500 తీసుకుని 2024 జూలై 24న నా మొదటి ఐటీఆర్ (ఆదాయపు పన్ను రిటర్న్) వేశారు. ఏడాది రాబడి 1,12,000 అని చూసినప్పుడు, అంత తక్కువా అని ఒకవైపు, ఇదంతా నాదే కదా అని ఇంకోవైపు అనిపించింది. రెండో ఏడాది 3,36,000. పట్టుకున్న టీడీఎస్ 21,000 పైన. పన్ను పడే రాబడి కాదు కాబట్టి, 2025 సెప్టెంబర్ 6న రిటర్న్ వేస్తే అక్టోబర్ 14న మొత్తం తిరిగొచ్చింది. వడ్ల డబ్బు పడ్డంత సంబరం. రిటర్న్ వేయకపోతే ఆ డబ్బు అడిగే నాథుడు లేడు, గుర్తుపెట్టుకోండి.

రెండు ఐటీఆర్‌లు చేతిలో ఉన్నాయి కాబట్టి చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్ర లోన్‌కు వెళ్లాను. అందులో కిశోర్ అనే విభాగంలో 1,20,000 అడిగాను, ఒక కంప్యూటర్, ఇన్వర్టర్, మంచి హెడ్‌ఫోన్స్ కోసం. చిన్న వ్యాపారాలు చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కావాలన్నారు. దానికి జిరాక్స్ సెంటర్‌లో 1,500 అడిగారు. ఇంటికొచ్చి ప్రభుత్వ సైట్‌లో చూస్తే ఉచితం. ఆధార్ ఓటీపీతో అరగంటలో నేనే చేసుకున్నాను.

అక్టోబర్ 27న బ్యాంకులో కాగితాలు ఇచ్చాను. 29న మొంథా తుపాను వానకు మళ్లీ హనుమకొండ మునిగింది. ఈసారి తుపాను వార్త వినగానే ముందు రోజే ఉన్న ఫైళ్లన్నీ పంపేసి, పనిచ్చేవాళ్లందరికీ చెప్పి, పవర్ బ్యాంకులు నింపి పెట్టుకున్నాను. కింది ఇంటివాళ్లు మళ్లీ సంచులతో పైకి వచ్చారు. ఆ రెండు రోజులు అందరికీ వంట చేశాను.

బ్యాంకు మేనేజర్ మేడమ్ నవంబర్ 12న పిలిచి, "మీరేం చేస్తారో ఒక్క ముక్కలో చెప్పండి, ఫామ్‌లో రాయాలి" అన్నారు. డాలర్లు, ప్లాట్‌ఫామ్‌లు అని మొదలుపెట్టి ఆపేసి, "గుత్తకు రాత పని" అన్నాను. ఆమె తల ఊపి, "సర్వీసులు, టైపింగ్, అనువాదం" అని రాసుకున్నారు. 19న లోన్ డబ్బు పడింది. కాగితాలు ఇచ్చిన రోజు నుంచి 23 రోజులు.

ఇది రాస్తున్నది 2026 జనవరి రెండో వారం. నెలాఖరున 28 నుంచి 31 వరకు మేడారం జాతర. ఆ నాలుగు రోజులు పని తీసుకోనని అందరికీ ఇప్పుడే చెప్పేశాను. నాకు సెలవు ఇచ్చేవాళ్లెవరూ లేరు, ఆ రోజులకు డబ్బూ లేదు. జాతర కోసం ఈ రెండు వారాలూ రాత్రి ఒక గంట ఎక్కువ కూర్చుంటున్నాను. నిన్న భూపాలపల్లి వైపు రికార్డింగ్ ఒకటి వచ్చింది, 85 నిమిషాలు. ముగ్గురు ముసలమ్మలు వరి నాట్లప్పటి పాటలు గుర్తుచేసుకుంటున్నారు. అమ్మ తన కుర్చీ లాక్కుని వచ్చి, రెండో హెడ్‌ఫోన్ పెట్టుకుంది. రాత్రి పది దాకా ఇద్దరం విన్నాం. ఒక మాట దగ్గర ఇద్దరం ఆగిపోయాం. పొద్దుగాల భూపాలపల్లిలో ఉన్న చిన్నమ్మకు ఫోన్ చేసి అడగాలి.